లడ్డు దిట్టంతో నిష్పత్తి పట్టిక నేర్పడం ఎలా

ఆరేడు తరగతుల పిల్లలున్న ఇంట్లో నిష్పత్తి, అనుపాతం పాఠం మొదలైందంటే టెన్షన్ కూడా మొదలవుతుంది. ఎందుకంటే చాలామంది నేరుగా అడ్డ గుణకారం పట్టిస్తారు, దేన్ని దేనితో గుణించాలో గుర్తున్నంతకాలం లెక్క వస్తుంది, మర్చిపోయిన రోజు పిల్లలు పెన్ను కింద పెట్టేస్తారు. దానికంటే ముందు పట్టిక నేర్పండి.

తిరుపతిలో ఉన్నవాళ్లకి దీనికి ఉదాహరణ కొండమీదే ఉంది. శ్రీవారి లడ్డుకు పోటులో, అంటే ఆలయ వంటశాలలో, దిట్టం ఉంటుంది, అంటే ఇన్ని లడ్లకు ఏ సరుకు ఎంత పడాలో ముందే కట్టిన లెక్క. 5100 లడ్లకు సెనగపిండి 180 కేజీలు, చక్కెర 400, ఆవునెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4, మొత్తం 803 కేజీలు. మన ఇంట్లో 3 కేజీల సెనగపిండి ఉంది, ఇదే కొలతలో ఎన్ని లడ్లవుతాయి, నెయ్యి ఎంత కావాలి? నోట్‌బుక్‌లో అడ్డంగా మూడు వరుసలు గీయండి:

లడ్లు: 5100 | 51 | 17 | ?
సెనగపిండి: 180 కేజీలు | 1800 గ్రాములు | 600 గ్రాములు | 3000 గ్రాములు
నెయ్యి: 165 కేజీలు | 1650 గ్రాములు | 550 గ్రాములు | ?

మొదటి గడి నుంచి రెండో గడికి 100తో భాగించాం, అక్కడి నుంచి 3తో. ఇప్పుడు 600 ఎన్నిసార్లు పోతే 3000 వస్తుందో పిల్లల్నే అడగండి. 5 అని వాళ్లే చెప్తారు. అంతే, పై గడినీ కింది గడినీ అదే 5తో గుణిస్తే 85 లడ్లు, 2750 గ్రాముల నెయ్యి. ఎటు వెళ్లాలన్నది వాళ్ల ఇష్టం, ఒకరు సగం చేస్తూ వెళ్తారు, ఇంకొకరు పదితో భాగిస్తారు, దారి ఏదైనా జవాబు ఒక్కటే. నన్నడిగితే ఈ స్వేచ్ఛే పట్టికలో అన్నిటికంటే విలువైనది, పిల్లల చేత ఆలోచింపజేసేది ఇదే.

సరిచూసుకోవడానికి నిలువుగా చూడండి. 165కి 180 అంటే 11కి 12. 550కి 600 కూడా 11కి 12, 2750కి 3000 కూడా అంతే. ఏ గడిలోనైనా ఇది తప్పిందంటే అక్కడే ఎక్కడో లెక్క జారింది.

పిల్లలు ఎక్కువగా పొరబడేది కూడికలో. 17 లడ్లకు 600 గ్రాములైతే 20 లడ్లకెంత అంటే, ఇక్కడ 3 పెరిగింది కాబట్టి అక్కడా 3 కలిపి 603 అనేస్తారు. తప్పు అని కొట్టేయకండి, ఆ మూడు లడ్లకీ కలిపి మూడు గ్రాముల పిండి సరిపోతుందా అని అడగండి, వాళ్లకే అర్థమవుతుంది. సూటిగా రాకపోతే ఒక్క లడ్డుకు దిగాలి: 600ను 17తో భాగించి 20తో గుణిస్తే సుమారు 706 గ్రాములు. మన పాత ఏకవస్తు పద్ధతి ఇదే.

అయితే ఒక నిలువు వరుసను మొత్తంగా మరో నిలువు వరుసకు కలపొచ్చు. తోతాపురి మామిడికాయలు 4 కేజీలు 50 రూపాయలు అనుకుందాం, 14 కేజీలు కావాలి. 4కి 50, సగం చేస్తే 2కి 25, మూడింతలు చేస్తే 12కి 150. 12నీ 2నీ కలిపితే 14, 150నీ 25నీ కలిపితే 175 రూపాయలు. ఈ తేడా పిల్లలకి బాగా నాటుకునేలా రెండు మూడు లెక్కలు ఎక్కువే చేయించండి.

ఇంకో మాట. పట్టిక గీసే ముందు రెండూ కలిసే పెరుగుతున్నాయా, అదీ ఒకే లెక్కన పెరుగుతున్నాయా అని చూడాలి. అలిపిరి నుంచి తిరుమల కొండకు 3550 మెట్లు, మొదటి 355 మెట్లు 10 నిమిషాల్లో ఎక్కాం కాబట్టి మొత్తం 100 నిమిషాలే అనుకుంటే కుదరదు, గాలిగోపురం దాకా ఒక నడక, ఆ తర్వాత చదునుగా ఉన్నచోట ఒక నడక, మోకాళ్లమెట్టు దగ్గర ఇంకో నడక. కూలీల లెక్కలో అయితే మనుషులు పెరిగేకొద్దీ రోజులు తగ్గుతాయి. తోటలో కాయలు 6 మంది 4 రోజుల్లో కోస్తే మొత్తం 24 పనిదినాలు, అదే వేగంతో 8 మంది కోస్తే 3 రోజులు. ఇది విలోమానుపాతం, ఇక్కడ ఒక గడిని గుణిస్తే దాని కింది గడిని అదే సంఖ్యతో భాగించాలి.