ముద్ద కాకూడని పిండి, దోర మామిడిపండ్లు

ఏటా మే రెండో వారంలో మా ఇంట్లో ఒకటే టెన్షన్. నూజివీడు దగ్గర మా నాన్నకు ఎనిమిది మామిడి చెట్లున్నాయి. కాయలు కోయించి, వరిగడ్డిలో సర్ది, రెండు బుట్టలు బస్సులో వేసి విజయవాడ పంపిస్తారు. మంచం కింద పెట్టిన కాయలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి మగ్గడం మొదలుపెడతాయి. నాలుగు రోజులు పండగే. ఐదో రోజు నుంచి నేను చేతిలో పళ్లెంతో కనిపిస్తే పక్కింటావిడ కూడా తలుపు దగ్గరికి వేసేస్తుంది.

నేను క్రంబుల్ అనే ఇంగ్లిష్ స్వీటు నేర్చుకున్నది ఆ ఐదో రోజు కోసమే. మాంచెస్టర్‌లో ఉండే మా వదిన వీడియో కాల్‌లో చూపించింది. అక్కడ దాన్ని యాపిల్‌తో చేస్తారు. బ్రామ్లీ అని వంటకే వాడే పుల్లటి యాపిల్ ఉంటుందట, ఉడికితే మెత్తగా విచ్చుకుపోతుంది. కింద పండు ముక్కలు, పైన మైదా, బటర్, పంచదార కలిపిన పొడి, అంతే. అడుగున పిండి పొర ఉండదు కాబట్టి అప్పడాల కర్రతో పని లేదు. గుడ్డు ఉండదు కాబట్టి మా అత్తయ్యకూ పెట్టొచ్చు. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940 జనవరిలో బటర్, పంచదార రేషన్‌లోకి వెళ్లాయి. పండుకు పిండి పొరలు చుట్టి 'పై' (pie) అనే వంటకం చెయ్యడానికి సరుకు చాలక ఇల్లాళ్లు ఈ పొడి చల్లే పద్ధతికి మళ్లారంటారు. కరువులో గట్టెక్కించిన వంట మా ఇంట్లో పళ్లు ఎక్కువై అవస్థ పడుతుంటే పనికొచ్చింది!

ఇందులో కష్టమంతా మన చేతితోనే. పదేళ్ల వయసు నుంచి చపాతీ పిండి కలిపిన చెయ్యి, పిండి కనిపిస్తే ముద్ద చెయ్యకుండా ఊరుకోదు. మొదటిసారి నేను చేసిన పని అదే. ఎంత కలిపినా పొడిపొడిగానే ఉందేమిటి చెప్మా అని రెండు చెంచాల పాలు పోసి మరీ పిసికాను. చక్కగా ముద్దయింది. దాన్ని చిదిమి పండ్ల మీద పరిచి బేక్ చేస్తే పైన పలక తేలింది. మా ఆయన చెంచాతో టకటకా కొట్టి చూసి, "దీనికో పిడి పెట్టిస్తే పప్పు గిన్నెకు మూతగా పనికొస్తుంది" అన్నారు.

మైదాకు తడి తగిలి, పైన చెయ్యి కూడా పడితే సాగే గుణం వస్తుంది. చపాతీకి కావలసింది అదే, దీనికి అస్సలు పనికిరానిదీ అదే. చల్లటి బటర్ పిండిని పట్టుకుని చిన్న చిన్న పలుకులుగా ఉండిపోవాలి. అప్పుడే ఓవెన్‌లో కరకరలాడేలా వేగుతుంది.

ముందు పండు సంగతి. నాన్న పంపే బుట్టల్లో ఒకటి చిన్న రసాలు, ఒకటి బంగినపల్లి. రసాలు పిసికి జుర్రుకోవడానికే పుట్టాయి, వాటిని ఓవెన్ జోలికి తీసుకెళ్లకండి. నేను రెండోసారి ఆ తప్పు చేశాను. రసమంతా పొంగి, అంచు దాటి, కింది రాడ్ మీద కారి మాడింది. రెండు రోజులు కర్టెన్లు కూడా ఆ మాడు వాసనే. బంగినపల్లికి 2017లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే అధికారిక గుర్తింపు) వచ్చిందిగానీ, పీచు లేదని నేను అంతకుముందే దానికి నా ట్యాగ్ ఇచ్చేశాను. అయితే బాగా పండింది వద్దు, దోరగా ఉన్నది కావాలి. ముచ్చిక దగ్గర వాసన వస్తుండాలి, బొటనవేలితో నొక్కితే గుంట పడకూడదు. ఉత్త బంగినపల్లి మరీ తియ్యగా, ఒకే రుచిగా ఉంటుంది. అందుకని ఒక కలెక్టర్ కాయ కూడా కోసి కలుపుతాను. తోతాపురి అన్నా అదే. ఆ పులుపు లేకపోతే నాలుగో చెంచాకే మొహం మొత్తుతుంది.

నలుగురైదుగురికి చెయ్యాలంటే ఇవి కావాలి. చెక్కు, టెంక తీసేశాక 700 గ్రాముల ముక్కలు. దానికి పళ్లు కిలో పైనే పడతాయి. అందులోకి రెండు టేబుల్ స్పూన్ల పంచదార, ఒక టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్, ఒక టీస్పూన్ నిమ్మరసం, చిటికెడు ఏలకుల పొడి. పైన చల్లే పొడికి 150 గ్రాముల మైదా, 100 గ్రాముల బటర్, 75 గ్రాముల పంచదార, రెండు టేబుల్ స్పూన్ల బొంబాయి రవ్వ, గుప్పెడు జీడిపప్పు పలుకులు. త్రాసు లేకపోతే మైదా కప్పున్నర కంటే కాస్త తక్కువగా, అంటే కప్పూ పావు తీసుకోండి. పంచదార ఆరు టేబుల్ స్పూన్లు. బటర్ ఎలాగూ 100 గ్రాముల ప్యాకెట్ దొరుకుతుంది. ఉప్పు వేసిన బటరైతే మళ్లీ ఉప్పు వెయ్యక్కర్లేదు. రవ్వ సంగతి వదిన చెప్పలేదు, నా సొంత పైత్యం. కానీ కరకరలు దానితోనే వస్తాయి, మానకండి.

ఇంట్లో చిలికిన వెన్న వాడొచ్చా అని మా అమ్మ అడిగింది. వద్దు, అందులో తడి ఎక్కువ. కావాలంటే నెయ్యి వాడండి, కానీ ద్రవంగా కాదు. ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడ్డ పూస నెయ్యి కావాలి. నెయ్యిలో నీరు ఉండదు కాబట్టి 80 గ్రాములు సరిపోతుంది. వాసన మైసూర్‌పాక్ వైపు వెళ్తుంది, అది ఇష్టమైతే ఇంకేం కావాలి.

మే నెలలో మన ఊళ్లో వంటగదిలో బటర్ చేతిలోకి తీసుకున్న నిమిషంలో జారిపోతుంది. నేను పొద్దున్న ఆరింటికి, ఇంకా స్టవ్ వెలిగించకముందే పొడి చేసి పెట్టుకుంటాను. బటర్‌ను ఫ్రీజర్‌లో అరగంట ఉంచి, క్యారెట్ తురిమే తురుము పీట మీద నేరుగా మైదాలోకి తురుముతాను. తురిమేటప్పుడు మధ్యమధ్యలో పిండి అద్దుతుంటే జారదు. మైదాలో పంచదార, రవ్వ ముందే కలిపి ఉంచాలి. ఫ్యాన్ ఆపెయ్యండి, లేకపోతే మైదా గట్టంతా మంచు కురిసినట్టు తేలుతుంది.

ఇక కలపడం. వేళ్ల చివర్లతోనే కలపాలి. అరచెయ్యి వేడిగా ఉంటుంది, తగలనివ్వకూడదు. ముగ్గు వేసేటప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండిని ఎలా జారవిడుస్తామో, అలా కొంచెం పిండి, కొంచెం బటర్ వేళ్ల మధ్య నలిపి పైనుంచి గిన్నెలోకి వదలాలి. అలా మూడు నాలుగు నిమిషాలు చాలు. ఎప్పుడు ఆపాలో తెలియాలంటే సున్నుండలు గుర్తు తెచ్చుకోండి. నెయ్యి పోసి కలిపాక, ఉండ చుట్టే ముందు ఆ సున్ని పిండి ఎలా ఉంటుంది? పిడికిట్లో నొక్కితే ఉండవుతుంది, వేలితో పొడిస్తే విరిగిపోతుంది. ఇదీ అలాగే రావాలి. ఒకటీ అరా శనగగింజంత బటర్ ముక్కలు కనిపిస్తున్నా ఫర్వాలేదు, వాటి జోలికి పోవద్దు. జీడిపప్పు కలిపి, గిన్నెను అలాగే ఫ్రీజర్‌లో పెట్టెయ్యండి. కనీసం పావుగంట ఉండాలి. డబ్బాలో పోసి గట్టిగా మూత పెడితే నెలరోజులైనా ఉంటుంది. నేను ఏప్రిల్ నెలాఖరులోనే రెండు వాయిలు చేసి దాచుకుంటాను.

ఓటీజీని, అంటే బేకింగ్‌కు వాడే చిన్న కరెంటు ఓవెన్‌ను, పైరాడ్, కిందిరాడ్ రెండూ వెలిగేలా పెట్టి, 180 డిగ్రీల్లో పది పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వండి. మైక్రోవేవ్ ఓవెనైతే వేడిగాలితో బేక్ చేసే కన్వెక్షన్ మోడ్‌లోనే పెట్టాలి, మామూలు మైక్రో మోడ్‌లో పైన పొడి చెమ్మగిల్లి ముద్దవుతుంది. ఎనిమిది అంగుళాల కేకు గిన్నె గానీ, అంచు కాస్త ఎత్తున్న స్టీలు గిన్నె గానీ చాలు. గాజు గిన్నెయితే ఓవెన్‌కు పనికొచ్చేదే వాడండి. దాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నగా వేడి ఓవెన్‌లో పెడితే పగిలిపోతుంది.

మామిడి ముక్కలు అంగుళం సైజులో కోయండి. చిన్నగా కోస్తే జామ్ అయిపోతుంది. కార్న్‌ఫ్లోర్, పంచదార, నిమ్మరసం, ఏలకుల పొడి పట్టించి వెంటనే గిన్నెలో పరిచెయ్యాలి. పంచదార వేశాక ఆలస్యం చేస్తే నీరు వదులుతుంది. పైన పొడి చల్లండి. నొక్కొద్దు, చదును చెయ్యొద్దు. గిన్నె నిండా పొయ్యకుండా అంచు నుంచి వేలెడు ఖాళీ వదలండి. గిన్నె మధ్య రాక్ మీద, కింది రాక్ మీద ఒక ట్రే. ఆ ట్రే ఎందుకో పైన చెప్పాను.

ముప్పై అయిదు నుంచి నలభై నిమిషాలు పడుతుంది, కానీ గడియారాన్ని నమ్మొద్దు. ఏ ఓటీజీ వేడి దానిదే. అంచుల దగ్గర పండు రసం పైకి ఉబికి, చిక్కటి బుడగలు మెల్లగా పగులుతుండాలి. గబగబా పొంగే పలచటి బుడగలైతే కార్న్‌ఫ్లోర్ ఇంకా ఉడకనట్టే. పైపొడి నేతిలో వేగిన జీడిపప్పు రంగుకు రావాలి. చిన్న ఓవెన్‌లో పైరాడ్ దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇరవై ఐదో నిమిషానికే రంగు తిరిగిపోతే పైన ఫాయిల్ వదులుగా కప్పండి. మధ్యలో కరెంటు పోయిందా, తలుపు తియ్యకండి. పావుగంటలో వస్తే మళ్లీ కొనసాగించండి, ఓ పది నిమిషాలు ఎక్కువ పడుతుందంతే.

తీశాక ఇరవై నిమిషాలు ఎవరినీ ముట్టుకోనివ్వకండి. వేడిగా ఉన్నప్పుడు రసం పలచగానే ఉంటుంది, చల్లారేకొద్దీ చిక్కబడుతుంది. పైగా ఆ రసం నాలుకకు అంటితే రెండు రోజులు ఏ రుచీ తెలియదు.

మామిడి సీజన్ అయిపోయాక యాపిల్‌తో చేస్తాను. మనకు వచ్చే సిమ్లా, కాశ్మీర్ యాపిళ్లు తియ్యగా, గట్టిగా ఉంటాయి కాబట్టి నిమ్మరసం రెండింతలు వేసి, ముక్కల్ని మూకుట్లో కాస్త బటర్‌తో ఐదు నిమిషాలు మగ్గించాలి. అనాస బాగుంటుంది, రసం వడకట్టి వేస్తే. అరటిపండు గుజ్జవుతుంది. జామలో గింజలు పళ్లలో ఇరుక్కుంటాయి. సీతాఫలం మాత్రం ప్రయత్నించొద్దు, వేడి తగిలితే చేదెక్కుతుంది.

వదిన వాళ్లు దీన్ని వేడి కస్టర్డ్ పోసుకుని తింటారు. కస్టర్డ్ అంటే మనకు ఫ్రూట్ సలాడే గుర్తొస్తుంది. ఆ పొడిని 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకు గుడ్డు పడదని గుడ్డు లేకుండా తయారుచేశారు. ఆ సంగతి చెప్పాకే మా అత్తయ్య దాన్ని నమ్మి నోట్లో పెట్టుకున్నారు. అరలీటరు పాలకు రెండు టేబుల్ స్పూన్ల పొడి, మూడు టేబుల్ స్పూన్ల పంచదార. పొడిని ముందు చల్లటి పాలల్లో కలుపుకుని, మరుగుతున్న పాలల్లో పోస్తూ తిప్పాలి. ఓపిక లేకపోతే వెనిల్లా ఐస్‌క్రీమ్ చాలు. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఓవెన్‌లోనే పది నిమిషాలు వెచ్చబెట్టండి.

మొదట్లో అత్తయ్య, "బంగారం లాంటి పండుని పొయ్యిలో పెడతావా" అని రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు గిన్నె టేబుల్ మీదికి రాగానే మధ్యలోది ఎవరైనా తీసుకోండంటారు. ఆవిడ కన్నంతా అంచు మీదే. రసం గిన్నె గోడకు అంటుకుని, ముదిరి, సాగుతూ ముదురు గోధుమ రంగుకు వస్తుందే, దాన్ని చెంచా వెనకవైపుతో గీరి తీసి, "ఇది అచ్చం తాండ్రేనే" అంటారు. పోయినేడు మా అబ్బాయి ఆ అంచు కోసం పోటీకొచ్చాడు. అప్పటినుంచి రెండు చిన్న గిన్నెల్లో చేస్తున్నాను, అంచు ఎక్కువ వస్తుందని. చిన్న గిన్నెలకు ముప్పై నిమిషాలు సరిపోతుంది.