ఉక్కులో సన్నని గాడి కోసేటప్పుడు వేగం, ఫీడు ఎలా నిర్ణయించుకోవాలి

22 మి.మీ. షాఫ్ట్‌కు 6 మి.మీ. వెడల్పు, 3.5 మి.మీ. లోతు ఉన్న కీవే (షాఫ్ట్‌తో పాటు చక్రం తిరిగేలా బిగించే కీ కూర్చునే గాడి) కోయడం మిల్లింగ్ మిషన్ మీద దాదాపు రోజూ వచ్చే పని. చూడటానికి తేలికగానే కనిపించినా, కొత్తవారి చేతిలో కట్టర్లు ఎక్కువగా విరిగేది ఇలాంటి సన్నని గాడిలోనే. అందుకు మూడు కారణాలున్నాయి. కట్టర్ సగం చుట్టుకొలత ఎప్పుడూ లోహంలో మునిగి ఉండటం వల్ల పళ్లకు చల్లబడే వ్యవధి తక్కువ. రెండువైపులా గోడలు ఉండటం వల్ల రజను (కోతలో ఊడే లోహపు ముక్కలు) బయటపడే దారి ఇరుకు. కట్టర్ సన్నది కాబట్టి త్వరగా వంగుతుంది. వేగాన్నీ ఫీడునూ (కోతలో పని ముందుకు జరిగే రేటునూ) ఎంచుకునేటప్పుడు ఈ మూడింటినీ మనసులో ఉంచుకోవాలి.

ముందుగా కోత వేగం, అంటే కట్టర్ అంచు నిమిషానికి లోహం మీద ఎన్ని మీటర్లు సాగుతుందన్నది, నిర్ణయించుకోవాలి. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) కట్టర్‌తో మైల్డ్ స్టీల్‌కు 25 మీటర్లు, ఈఎన్ 8 అనే మధ్యస్థ కార్బన్ ఉక్కుకు 20 మీటర్లు, గట్టిపరచిన ఈఎన్ 24 అనే మిశ్రమ ఉక్కుకు 12 నుంచి 15 మీటర్లు మొదటి ప్రయత్నానికి సరిపోతాయి. గాడి కాకుండా పక్కఅంచు మాత్రమే కోసే పనుల్లో ఇంతకంటే కొంత ఎక్కువ పెట్టుకోవచ్చు. మీటర్లను వెయ్యితో గుణించి, కట్టర్ వ్యాసాన్ని 3.14తో గుణించగా వచ్చిన సంఖ్యతో భాగిస్తే నిమిషానికి తిరగవలసిన చుట్లు (ఆర్‌పీఎం) వస్తాయి. ఈఎన్ 8 షాఫ్ట్ మీద 6 మి.మీ. కట్టర్‌కు ఇది సుమారు 1060 ఆర్‌పీఎం. గేర్లలో సరిగ్గా ఆ వేగం లేకపోతే దానికి కింది మెట్టునే ఎంచుకోవాలి.

పై మెట్టు వద్దనడానికి బలమైన కారణం ఉంది. 1906లో అమెరికా ఇంజనీరు ఎఫ్. డబ్ల్యూ. టేలర్ తన ప్రయోగాల ఆధారంగా కోత వేగానికీ పరికరం ఆయుష్షుకూ ఉన్న సంబంధాన్ని సూత్రంగా ప్రకటించాడు. హెచ్‌ఎస్‌ఎస్‌కు సాధారణంగా వాడే ఘాతాంకంతో లెక్కిస్తే, వేగాన్ని పది శాతం పెంచినప్పుడు కట్టర్ ఆయుష్షు సగానికంటే తగ్గిపోతుంది. ఇరవై శాతం పెంచితే నాలుగో వంతు కూడా మిగలదు. రెండు నిమిషాలు ఆదా చేసుకోవడానికి ఇంత మూల్యం చెల్లించడం నా దృష్టిలో ఎప్పుడూ తగదు.

పూత ఉన్న కార్బైడ్ (హెచ్‌ఎస్‌ఎస్ కంటే గట్టిదైనా పెళుసైన పదార్థం) కట్టర్ ఇదే ఉక్కులో 80 మీటర్ల వేగాన్ని సులువుగా తట్టుకుంటుంది, 6 మి.మీ. వ్యాసానికి అది 4200 ఆర్‌పీఎం దాటుతుంది. అయితే చిన్న వర్క్‌షాపుల్లో ఉండే పాత మిల్లింగ్ మిషన్లు చాలావరకు 1800 దగ్గరే ఆగిపోతాయి. అలాంటి మిషన్‌లో, అందులోనూ స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు) కాస్త వదులైనప్పుడు, కార్బైడ్ పళ్లు పెచ్చులూడటమే తప్ప లాభం తక్కువ. అక్కడ కోబాల్ట్ కలిసిన హెచ్‌ఎస్‌ఎస్ స్లాట్ డ్రిల్ (నేరుగా కిందికి కూడా కోయగల గాడి కట్టర్) వాడటమే మేలు.

ఇక ఫీడు. అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడే, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. ఫీడును నిమిషానికి ఇన్ని మిల్లీమీటర్లని కాకుండా, ఒక్కో పన్ను ఎంత మందం కోయాలన్న లెక్కతో మొదలుపెట్టాలి. 6 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ కట్టర్‌కు గాడిలో పన్నుకు 0.02 మి.మీ., 3 మి.మీ. కట్టర్‌కు 0.01 మి.మీ. తగిన ఆరంభం. దీన్ని పళ్ల సంఖ్యతోనూ ఆర్‌పీఎంతోనూ గుణిస్తే టేబుల్ ఫీడు వస్తుంది: రెండు పళ్ల స్లాట్ డ్రిల్‌కు 1060 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 42 మి.మీ. కట్టర్ విరుగుతుందేమోనన్న భయంతో చాలామంది దీన్ని 10కి తగ్గిస్తారు. అప్పుడు పన్నుకు దక్కేది 0.005 మి.మీ. మాత్రమే. ఎంత పదునైన అంచుకైనా కొన్ని మైక్రాన్ల గుండ్రదనం ఉంటుంది కాబట్టి, అంత పలుచని పొరను పన్ను కోయలేక ఉక్కు మీద రాపాడుతుంది, వేడెక్కుతుంది, మొద్దుబారుతుంది. 304 స్టెయిన్‌లెస్‌లోనైతే రాపిడికి ఉపరితలం గట్టిపడి, తరువాత వచ్చే పన్నును చెడగొడుతుంది. జాగ్రత్త అనుకుని చేసిన పనే కట్టర్ విరగడానికి కారణమవుతుందన్నమాట.

ఇదే కారణంగా, కట్టర్ బిగించాక డయల్ గేజ్ పెట్టి రనౌట్ (తిరిగేటప్పుడు కట్టర్ మధ్య నుంచి పక్కకు ఊగే కొలత) చూడకుండా కోత మొదలుపెట్టకూడదు. పన్నుకు 0.02 మి.మీ. ఇస్తున్న చోట రనౌట్ కూడా అంతే ఉంటే, రెండు పళ్లలో ఒక్కటే దాదాపు పనంతా మోస్తుంది. కోలెట్‌నూ (కట్టర్‌ను పట్టి ఉంచే బిగింపు) షాంక్‌నూ (కట్టర్ పిడి భాగం) నూనె లేకుండా తుడవాలి, లేకపోతే కట్టర్ మెల్లగా కిందికి జారి గాడి లోతు పెరుగుతుంది. కట్టర్‌ను అవసరమైనంత మాత్రమే బయటికి ఉంచాలి: బయటికున్న పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లవుతుంది, వ్యాసం సగమైతే పదహారు రెట్లవుతుంది.

లోతు విషయంలో హెచ్‌ఎస్‌ఎస్‌కు ఒక పాస్‌లో (ఒక విడత కోతలో) వ్యాసంలో సుమారు మూడో వంతు మించకపోవడం మంచిది. 3.5 మి.మీ. లోతును 1.75 చొప్పున రెండు పాస్‌లలో ముగించవచ్చు. గాడి మొదట్లో నేరుగా కిందికి దించేటప్పుడు ఫీడును మూడో వంతుకు తగ్గించాలి. మధ్యవరకు పన్ను లేని కట్టరైతే ముందు రంధ్రం వేయక తప్పదు.

వెడల్పు కచ్చితంగా రావాలంటే 6 మి.మీ. కట్టర్‌తో ఒకేసారి కోయకండి. సాధారణ బిగువు కీవేకు అనుమతించే వెడల్పు 5.970 నుంచి 6.000 మి.మీ. కాగా, పూర్తి గాడిలో కట్టర్ ఒకవైపు వంగి ఆ హద్దు దాటేస్తుంది. 5 మి.మీ. కట్టర్‌తో మధ్యలో గాడి తీసి, తరువాత రెండు గోడలనూ విడివిడిగా, టేబుల్ స్క్రూలో ఆట ఉన్న పాత మిషన్‌లోనైతే ఫీడుకు ఎదురుగా పళ్లు తిరిగే దిశలో, శుభ్రం చేయాలి. హెచ్‌ఎస్‌ఎస్‌కు కూలెంట్ ధారగా పోయాలి. పూత ఉన్న కార్బైడ్‌కు మాత్రం ఆగి ఆగి పడే కూలెంట్ కంటే రజనును ఊదేసే గాలి మేలు, ఎందుకంటే వేడెక్కిన అంచు ఉన్నట్టుండి చల్లబడితే పగుళ్లు వస్తాయి.

కోత మొదలయ్యాక రజనును గమనించండి. హెచ్‌ఎస్‌ఎస్ కింద అది నీలంగా వస్తుంటే వేగం ఎక్కువైనట్టు, పొడిలా రాలుతుంటే ఫీడు చాలనట్టు. కీచుమని శబ్దం వస్తే ముందు ఆర్‌పీఎం తగ్గించాలి. అలా తగ్గించినప్పుడు టేబుల్ ఫీడును కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తే పన్నుకు దక్కే మందం మారదు. అప్పటికీ ఆగకపోతే లోతు తగ్గించాలి. పన్నుకు ఇచ్చే మందం జోలికి చిట్టచివర, అదీ కొద్దిగా మాత్రమే వెళ్లాలి.

గాడి 2 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. లోతు లాంటిదైతే ఎండ్ మిల్‌తో (పైన చెప్పినలాంటి నిలువు కట్టర్‌తో) కుస్తీ పట్టకుండా స్లిట్టింగ్ సా (పలుచని చక్రంలాంటి రంపం) వాడండి. 100 మి.మీ. వ్యాసం ఉన్న రంపానికి 25 మీటర్ల వేగమంటే 80 ఆర్‌పీఎం మాత్రమే. 40 పళ్లకు పన్నుకు 0.015 చొప్పున లెక్కిస్తే ఫీడు నిమిషానికి 48 మి.మీ. అవుతుంది.