వైర్‌లెస్ సెన్సర్లు – 4వ పాఠం: వింటూ కూర్చున్న రేడియో

పోయిన పాఠం చూసి నోడ్లు (కొలతలు తీసి రేడియోతో పంపే చిన్న సెన్సర్ పెట్టెలు) కట్టినవాళ్లలో చాలామందికి నాలుగైదు రోజుల్లోనే బ్యాటరీలు అయిపోయాయి. గుణుపురం నుంచీ రాయగడ నుంచీ ఒకటే ప్రశ్న: "పది నిమిషాలకు ఒకసారే పంపుతున్నాం కదా మాస్టారూ, ఎందుకిలా?" తప్పు నాదే. రేడియోను ఎప్పుడు ఆపాలో అప్పుడు చెప్పలేదు. అందుకే రూటింగ్ (సందేశం నోడ్ నుంచి నోడ్‌కు వెళ్లే దారి) పాఠం వచ్చేసారికి వాయిదా.

కొందరు గంటకోసారి పంపి చూశారు. ఒకరు సిగ్నల్ బలం బాగా తగ్గించారు, అది గట్టు కూడా దాటలేదు. బ్యాటరీ మాత్రం మళ్లీ అదే రోజుకు అయిపోయింది.

ఈ లెక్క కాగితం మీద మీరే వేయండి. మన సీసీ2420 రేడియో గరిష్ఠ బలంతో పంపేటప్పుడు 17.4 మిల్లీఆంపియర్లు తాగుతుంది, వినేటప్పుడు 18.8. అంటే పంపడం కన్నా వినడానికే ఎక్కువ. 50 బైట్ల ప్యాకెట్ సెకనుకు 250 కిలోబిట్ల వేగంతో 1.6 మిల్లీసెకన్లలో వెళ్లిపోతుంది. రోజుకు 144 ప్యాకెట్లు పంపినా మొత్తం పావు సెకను కూడా కాదు. మిగతా 86,399 సెకన్లూ రేడియో ఎవరైనా పిలుస్తారేమోనని వింటూనే ఉంది. మీరు ఆ పావు సెకనులో పొదుపు వెతికారు! 2000 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-గంటల) సెల్స్ 18.8 చొప్పున 106 గంటలే వస్తాయి, నాలుగున్నర రోజులు. రెండు సెల్స్ సిరీస్‌లో పెడితే పెరిగేది వోల్టేజీయే. 4000 అని లెక్కేసినవాళ్లు దిద్దుకోండి.

మరి వినడం ఎందుకు? పక్క నోడ్ ప్యాకెట్‌ను ముందుకు అందించడానికి. ఆ పని లేకపోతే వినొద్దు. పర్లాకిమిడి దగ్గర మా వరి పొలంలో నోడ్లన్నీ ఇంట్లో కరెంటు మీదున్న గేట్‌వేకి (కొలతలన్నీ చేరే పెట్టెకి) నేరుగా అందుతాయి. పంపగానే రేడియో ఆపేస్తాను. కుదిరితే మీరూ ఇదే చేయండి.

కుదరకపోతే 500 మిల్లీసెకన్లకోసారి 5 మిల్లీసెకన్లు మేలుకుని, చప్పుడు లేకపోతే మళ్లీ పడుకోవాలి. వినే సమయం నూటికి ఒక వంతు అవుతుంది. నిద్రలో తాగే 0.02 కలిపినా సగటు 0.21 మిల్లీఆంపియర్లు. రేడియో వరకే చూస్తే 400 రోజుల లెక్క. పొలంలో అంత రాదు కానీ నెలల్లో మాట్లాడుకోవచ్చు.

ఇక్కడ భారం పంపేవాడి మీద పడుతుంది. వంశధార అవతలి ఒడ్డున పడవవాడు నిద్రపోతుంటే, మెలకువ వచ్చేదాకా ఇటునుంచి కేకలేస్తూనే ఉండాలి. రేడియో ఎప్పుడు వినాలో, ఎలా పిలవాలో చెప్పే పద్ధతులు ఉన్నాయి. వాటిలో 2004 నాటి బీ-మ్యాక్‌లో ఆ కేక ఒకే పొడుగు ప్రియాంబుల్ (అసలు సందేశానికి ముందు పంపే సిగ్నల్). తమకు కాని పిలుపును కూడా చుట్టుపక్కల నోడ్లన్నీ చివరిదాకా వినాలి. 2006లో వచ్చిన ఎక్స్-మ్యాక్ పేరు పెట్టి చిన్న చిన్న కేకలు వేస్తుంది. తనది కాకపోతే నోడ్ వెంటనే పడుకుంటుంది, తనదైతే మధ్యలోనే బదులిస్తుంది. మనది ప్యాకెట్ రేడియో, అంటే చిన్న చిన్న ప్యాకెట్లుగానే పంపుతుంది, కాబట్టి ఎక్స్-మ్యాకే వాడండి.

నోడ్లను క్లస్టర్లుగా (గుంపులుగా) విడదీసి నడిపే లీచ్ అనే పద్ధతి గురించి అడిగారు. ఆరు నోడ్లకు అది అనవసరం.

అభ్యాసం: రేడియో ఆన్ అయిన ప్రతిసారీ టైమర్ చదివి, ఆఫ్ అయ్యాక తేడాను కూడుతూ పోండి. ఆ మొత్తాన్ని ప్రతి ప్యాకెట్‌లో పంపండి. నిద్ర విరామం 125, 500, 2000 మిల్లీసెకన్లు పెట్టి ఒక్కోటి వారం నడపండి. ముందే చేత్తో లెక్కేసి పక్కన రాసుకోండి. మల్టీమీటర్‌ను నమ్మొద్దు, 5 మిల్లీసెకన్ల మెలకువ దానికి దొరకదు.