చార్టులో ‘క్రానిక్ డిప్రెషన్’ అని ఉంటే ఏ కోడ్ వెయ్యాలి?

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఇంట్లో కూర్చుని అమెరికా రోగుల చార్టులు చదివి, జబ్బులకి ఐసీడీ-10-సీఎం కోడ్‌లు వేసే మెడికల్ కోడర్లకి ఆడిట్‌లో తరచూ తగిలే లైను ఇలా ఉంటుంది: ‘క్రానిక్ డిప్రెషన్, స్టేబుల్, సెర్ట్రలిన్ 50 ఎంజీ కంటిన్యూ.’ సెర్ట్రలిన్ అంటే డిప్రెషన్ మందు.

చూడగానే ఎఫ్34.1 వేసేయాలనిపిస్తుంది. ఆగండి. అది డిస్థైమియాకి, అంటే పెర్సిస్టెంట్ డిప్రెసివ్ డిజార్డర్‌కి. పెద్దవాళ్లలో కనీసం 2 ఏళ్లు, పిల్లల్లో ఏడాది ఉంటే డాక్టరు ఆ పేరు పెడతారు. మనం పాత విజిట్ల తేదీలు లెక్కేసి పెట్టకూడదు. ‘క్రానిక్’ అన్న మాట ఎన్నాళ్లుగా ఉందో చెబుతుంది, ఏ రకమో చెప్పదు.

మేజర్ డిప్రెషన్ అయితే నోటులో మూడు వెతకండి: మొదటిసారా (ఎఫ్32) లేక మళ్లీ వచ్చిందా (రికరెంట్, ఎఫ్33), తీవ్రత ఎంత, ఇప్పుడు ఎలా ఉంది. మళ్లీ వచ్చి మోడరేట్‌గా ఉంటే ఎఫ్33.1, పూర్తిగా తగ్గితే (ఫుల్ రెమిషన్) ఎఫ్33.42. ‘స్టేబుల్’ అంటే రెమిషన్ కాదు. రెమిషన్ అని డాక్టరే రాయాలి. పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం) స్కోరు 16 కనబడిందని తీవ్రత మనం తేల్చకూడదు. స్కోరు ఆధారం మాత్రమే, డయాగ్నసిస్ కాదు.

పై లైనుకి క్వెరీ, అంటే వివరం అడుగుతూ డాక్టరుకి రాతపూర్వక ప్రశ్న, పంపాలి. ‘రికరెంట్, మోడరేట్ అని రాస్తారా?’ అని అడిగితే జవాబు మనమే అందించినట్టు. మందు, స్కోరు, లక్షణాలు చూపించి, రకం, తీవ్రత ఆప్షన్లిచ్చి, ‘ఇతరం’, ‘చెప్పలేం’ కూడా పెట్టండి. జవాబు రాకపోతే ఎఫ్32.ఏ. 2021 అక్టోబరు 1 నుంచి ఉన్న కోడే ఇది. వివరం లేని డిప్రెషన్‌ని ఎఫ్32.9కి (మేజర్ డిప్రెషన్, మొదటిసారి, వివరం లేనిది) తోసే పాత అలవాటు ఇంకా కొందరికి పోలేదు.

‘హిస్టరీ ఆఫ్ డిప్రెషన్’ అని రాసి, కిందే మందు కొనసాగిస్తే అదీ క్వెరీయే. జెడ్86.59 జబ్బు గతమైపోయినవాళ్లకే.

ఉద్దానంలో డయాలసిస్ మీద ఉన్నవాళ్లని చూసినవాళ్లకి కిడ్నీకీ దిగులుకీ లంకె ఎవరూ చెప్పక్కర్లేదు. చార్టులో మాత్రం ఆ లంకె డాక్టరు రాస్తేనే కిడ్నీ కోడ్ ముందు వేసి, తర్వాత ఎఫ్06.31 (శరీరంలోని జబ్బు వల్ల వచ్చిన డిప్రెషన్ కోడ్) వెయ్యాలి. రాయకపోతే రెండూ విడివిడిగానే.

పీహెచ్‌క్యూ-9లో చివరి ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. అక్కడ సున్నా కాకుండా వేరే అంకె ఉండి, నోటులో డాక్టరు దాని ఊసే ఎత్తకపోతే ఆర్45.851 (ఆత్మహత్య ఆలోచనల కోడ్) మనంతట మనం వెయ్యకూడదు. కానీ చార్టు అలా మూసేయకండి. ఆ షిఫ్టులోనే టీమ్ లీడ్‌కి చెప్పి, డాక్టరుకి చేరిందో లేదో కనుక్కోండి.