ఇంటి సీఎన్‌సీ నగిషీ యంత్రం: లోపాన్ని ఎటు నుంచి వెతకాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇల్లు కట్టుకునేవారు మిగతా చోట్ల ఎంత పొదుపు పాటించినా పెద్ద దర్వాజ దగ్గర మాత్రం చేయి వెనక్కి తీయరు. ఆ టేకు తలుపుల మీద నెమళ్ళు, కలశాలు, తీగలు చెక్కే పని ఇప్పుడు చాలావరకు ఉలి నుంచి కంప్యూటర్ ఆదేశాలతో చెక్కే సీఎన్‌సీ రౌటర్‌కు మారింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న యంత్రం పెట్టుకుని ఆ పని చేసుకునేవారూ ఉన్నారు. ఈ వివరణ వారి కోసమే. నా దగ్గర ఉన్నది రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు బల్ల, జీఆర్‌బీఎల్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే బోర్డు, అడుగడుగుగా తిరిగే స్టెప్పర్ మోటార్లు, వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పెట్టెతో తిరిగే స్పిండిల్ (బిట్టును తిప్పే మోటారు) గల యంత్రం. డీఎస్పీ అనే చేతి రిమోట్‌తో నడిచే యంత్రాలలో సెట్టింగుల పేర్లు వేరుగా ఉంటాయి గానీ, చెక్క మీద కనిపించే లక్షణాలూ వాటి కారణాలూ అవే.

యంత్రం తప్పు చేసినప్పుడు అందరి చేయీ ముందు కంప్యూటర్ మీదికే పోతుంది. నేనూ అదే చేశాను. ఒక పూజగది తలుపు మీద నెమలి సగం పూర్తయ్యాక, పురి భాగమంతా మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిగి వచ్చింది. ఫైలు మార్చాను, సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ ఎక్కించాను, వేగం సగానికి తగ్గించాను. రెండు రోజులు పోయాక తేలిందేమిటంటే, మోటారును స్క్రూ రాడ్డుతో కలిపే కప్లింగ్‌లో ఒక గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న మర) వదులైంది. దానిని బిగించడానికి అర నిమిషం పట్టింది. అప్పటి నుంచి బిట్టు, దానిని పట్టి ఉంచే కొల్లెట్, చెక్క బిగింపు, కప్లింగులు, నట్లు, వైర్లు, కరెంటు అనే వరుసలోనే వెతుకుతున్నాను. సెట్టింగులు, ఫైలు ఆఖరున వస్తాయి.

చేయి పెట్టే ముందు

వీఎఫ్‌డీ లోపలి కెపాసిటర్లు ప్లగ్గు పీకిన తరువాత కూడా ప్రాణం తీయగల వోల్టేజీని కొంతసేపు పట్టి ఉంచుతాయి కాబట్టి మూత విప్పే ముందు కనీసం పది నిమిషాలు ఆగాలి. కరెంటు ఉండగా స్టెప్పర్ మోటారు వైరును డ్రైవర్ (మోటారుకు కరెంటు పంపే పరికరం) నుంచి ఊడదీస్తే డ్రైవర్ కాలిపోయే ప్రమాదం ఉంది. బిట్టు మార్చేటప్పుడు స్పిండిల్‌ను సాఫ్ట్‌వేర్‌లో ఆపడం చాలదు, వీఎఫ్‌డీ స్విచ్చి కట్టేయాలి. తిరిగే బిట్టు దగ్గర గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, మెడలో తువ్వాలు ఉండకూడదు.

బిట్టు, కొల్లెట్, బల్ల

టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, అందువల్ల బిట్టు అంచు సిలికా లేని చెక్కల మీదకంటే త్వరగా మొద్దుబారుతుంది. చెక్క మాడిన వాసన వచ్చినా, గీత అంచులు నల్లబడినా, రవ్వలకు బదులు మెత్తని పొడి రాలుతున్నా బిట్టు మొద్దుబారిందని గానీ, వేగం మరీ తక్కువగా ఉందని గానీ గ్రహించాలి. నెమ్మదిగా నడిపితే బిట్టుకు మంచిదన్నది చాలామంది పడే భ్రమ. కోయవలసిన అంచు చెక్కను రుద్దుతూ కూర్చుంటే వేడి పుట్టి బిట్టే పాడవుతుంది. స్పిండిల్ నిమిషానికి 18000 చుట్లు తిరుగుతూ, బిట్టుకు రెండు అంచులుండి, ఒక్కో అంచు 0.05 మిల్లీమీటర్ల రవ్వ తీయాలనుకుంటే, ఆ మూడింటినీ గుణిస్తే నిమిషానికి 1800 మిల్లీమీటర్ల నడక, అంటే బిట్టు చెక్క మీద ముందుకు సాగే వేగం, వస్తుంది. చిన్న యంత్రపు చట్రం అంత వేగానికి వణుకుతుంటే నడకతో పాటు స్పిండిల్ చుట్లు కూడా తగ్గించాలి గానీ నడక ఒక్కటే తగ్గించకూడదు.

కొల్లెట్‌ను ముందు నట్టులో టిక్కుమని కూర్చోబెట్టి, ఆ తరువాతే స్పిండిల్‌కు ఎక్కించి, బిట్టు దూర్చి, రెండు పానాలతో బిగించాలి. 6 మిల్లీమీటర్ల కొల్లెట్‌లో పావు అంగుళం బిట్టును, అంటే 6.35 మిల్లీమీటర్ల దానిని, బలవంతంగా దూర్చేవారిని చూశాను. అలా చేసిన కొల్లెట్ మళ్ళీ ఏ బిట్టునూ సూటిగా పట్టదు. నగిషీ లోతు పోనుపోను పెరుగుతూ ఉంటే బిట్టు కొల్లెట్ నుంచి కిందికి జారుతోందని అర్థం. అప్పుడు కొల్లెట్ లోపలి పొట్టును, టేకు జిగురును బ్రష్షుతో శుభ్రం చేయాలి.

అక్షరాలు ఒక వైపు లావుగా, మరో వైపు సన్నగా వస్తే తప్పు ఫైలుది కాదు, బల్ల సమంగా లేదు. 60 డిగ్రీల వీ బిట్టుతో చెక్కేటప్పుడు అర మిల్లీమీటరు ఎత్తు తేడా వస్తే గీత వెడల్పు దాదాపు 0.6 మిల్లీమీటర్లు మారిపోతుంది. బల్ల మీద పరిచే ఎండీఎఫ్ పలక మృగశిర తరువాత ముసురుకు తేమ పీల్చి ఉబ్బుతుంది కనుక, వానలు మొదలయ్యాక ఒకసారి, తగ్గాక మరొకసారి వెడల్పాటి బిట్టుతో పలకను పలుచగా చెక్కి సమం చేసుకోవాలి.

బొమ్మ పక్కకు జరిగితే

ప్రతి కప్లింగ్ మీదా, దాని పక్కన ఇరుసు మీదా కలిసేలా మార్కర్‌తో ఒక గీత గీయండి. పని తరువాత ఆ గీత రెండుగా విడిపోయి కనిపిస్తే గ్రబ్ స్క్రూ జారుతున్నట్టే. దానిని ఇరుసు మీది చదును భాగంపై కూర్చునేలా బిగించి, విప్పడానికి వీలుండే రకం థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేస్తే చాలాకాలం నిలుస్తుంది. గీత చెక్కుచెదరకుండా ఉండి కూడా బొమ్మ జరిగితే మోటారే అడుగులు (స్టెప్పులు) తప్పుతున్నదని అనుకోవాలి. లోతు ఎక్కువ పెట్టడం, యాక్సిలరేషన్ పెంచడం, పట్టాలలో పొట్టు చేరడం, వైర్లను మోసే గొలుసులో పదే పదే వంగి మోటారు వైరు లోపల తెగడం దీనికి ముఖ్య కారణాలు. ఎండాకాలంలో రేకుల షెడ్డులో మరొకటి కూడా తోడవుతుంది. బయటే 44 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం, మూసిన పెట్టెలోని డ్రైవర్లు వేడెక్కి క్షణకాలం ఆగి మళ్ళీ పనిచేస్తాయి. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నమే జరుగుతున్నదంటే డ్రైవర్ల పెట్టెకు ఫ్యాను, దానికి దుమ్ము జాలీ పెట్టాలి.

గుండ్రని వలయం నాలుగు చోట్ల చదునుగా వస్తే స్క్రూ నట్టులో ఆట (వదులు) ఉన్నట్టు. జీఆర్‌బీఎల్‌లో ఆ ఆటను సర్దే సౌకర్యం లేదు కాబట్టి నట్టునే బిగించాలి లేదా మార్చాలి.

కొలత తేడా వచ్చినప్పుడు ముందు లెక్క చూసుకోవాలి. ఒక చుట్టుకు 200 అడుగులు (స్టెప్పులు) వేసే మోటారు, ఒక్కో అడుగును 16 చిన్న అడుగులుగా విడగొట్టే మైక్రోస్టెప్ సెట్టింగు, ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిగే స్క్రూ ఉంటే మిల్లీమీటరుకు 640 చిన్న అడుగులు రావాలి. 100 జరగవలసినది సరిగ్గా 50 గానీ 200 గానీ జరిగితే డ్రైవర్ మీది మైక్రోస్టెప్ స్విచ్చులు తప్పు. బెల్టు యంత్రంలో మిల్లీమీటరుకు 80 అడుగుల సెట్టింగుతో 300 జరగమంటే 298.5 మాత్రమే జరిగిందనుకుంటే, 80ని 300తో హెచ్చించి 298.5తో భాగించగా వచ్చే 80.40ని కొత్త విలువగా రాయాలి. ఆటను లెక్కలోకి రానివ్వకుండా కొలత రెండు కొసలనూ ఒకే దిశ నుంచి చేరి తీసుకోవాలి.

కరెంటు, ఎర్తింగ్

యంత్రం కొస దాటకుండా ఆపే లిమిట్ స్విచ్చులను ఏదీ తాకకుండానే లిమిట్ అలారం వచ్చినా, పని మధ్యలో యూఎస్‌బీ తెగిపోయినా, కొత్త బోర్డు కొనే ముందు ఎర్తింగ్ చూడాలి. పాలమూరులోనూ, దేవరకొండ వైపూ చాలా ఇళ్ళ కింద పలుచని ఎర్ర నేల, దాని కిందనే రాయి ఉంటాయి. వానాకాలంలో బాగున్న ఎర్త్ గుంత రోహిణి కార్తె నాటికి పూర్తిగా ఎండి పేరుకే మిగులుతుంది. వీఎఫ్‌డీ పుట్టించే విద్యుత్ రొద భూమిలోకి పోయే దారి లేక స్విచ్చుల వైర్లలోకి చేరుతుంది, బోర్డు దానిని అలారంగా చదువుకుంటుంది. ఎండాకాలంలో ఎర్త్ గుంతకు వారానికి రెండు సార్లు నీళ్ళు పోయడం, ఎలక్ట్రీషియన్‌తో కొలిపించడం తప్పనిసరి. స్పిండిల్‌కు షీల్డ్ కేబుల్ వాడి, షీల్డ్‌ను వీఎఫ్‌డీ వైపు ఎర్త్‌కు కలపాలి. లిమిట్ వైర్లను స్పిండిల్ కేబుల్‌తో కలిపి కట్టకూడదు. స్విచ్చులను మామూలుగా మూసి ఉండే పద్ధతిలో కలిపితే, వైరు తెగిన సంగతి కూడా వెంటనే తెలుస్తుంది. యూఎస్‌బీ కేబుల్ పొట్టిదై, విద్యుత్ రొదను అణిచే ఫెరైట్ పూస ఉన్నదై ఉండాలి. ల్యాప్‌టాప్‌లో స్లీప్ ఆపేయాలి.

పొలాలకు దగ్గరగా ఉన్న ఇళ్ళలో మరో చిక్కు ఉంది. కరెంటు పోయి రాగానే ఆటో స్టార్టర్లున్న బోరు మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి, ఆ లాగుడుకు వోల్టేజీ కుంగుతుంది. అందుచేత కరెంటు వచ్చిన పది నిమిషాల దాకా నేను స్పిండిల్ తిప్పను. కంప్యూటర్‌కూ బోర్డుకూ చిన్న యూపీఎస్ పెట్టడం మంచిదే గానీ స్పిండిల్‌ను దాని మీద వేయకూడదు.

పొట్టు, గ్రీజు

రోజూ పని ముగిశాక పట్టాలు, స్క్రూలు బ్రష్షుతో దులిపి, వాక్యూమ్‌తో లాగాలి. గాలి పంపుతో ఊదితే పొట్టు బేరింగుల లోపలికే పోతుంది. బాల్ స్క్రూకు లిథియం గ్రీజు పలుచగా పూస్తే చాలు. మందంగా పూస్తే టేకు పొడి దానికి అంటుకుని ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. ప్లాస్టిక్ చక్రాల మీద నడిచే యంత్రమైతే ఆ చక్రాలకు నూనె అసలే వేయకూడదు. చెక్క పొడి ఊపిరితిత్తులకు హానికరం, దీర్ఘకాలంలో క్యాన్సర్ కారకమని కూడా తేలినది. ఎన్95 మాస్కు లేకుండా షెడ్డులోకి పోవద్దు.

కరెంటు పోయి పని మధ్యలో ఆగితే

జీఆర్‌బీఎల్‌కు కరెంటు పోగానే తానెక్కడున్నదీ గుర్తుండదు, కానీ జీ54 అనే పేరు కింద దాచిన పని సున్నా (కొలతలు మొదలయ్యే చోటు) పదిలంగా ఉంటుంది. ముందు బిట్టును పైకి లేపి, హోమింగ్ చేసి (స్విచ్చులను తాకించి యంత్రానికి తన మూల స్థానం తెలిపి), ఎక్స్, వై సున్నాకు తీసుకుపోయి చూడాలి. ఇందుకే పని మొదలుపెట్టే ముందు సున్నా దగ్గర వృథా చెక్క మీద సన్నని రంధ్రం వేసుకోవడం నా అలవాటు. హోమింగ్ స్విచ్చులు లేనివారికి ఆ రంధ్రమే ఆధారం. బిట్టు మొన రంధ్రంలోకి సూటిగా దిగితే, ఆగిన వరుసకు ఇరవై ముప్పై వరుసల వెనక నుంచి ఫైలు మొదలుపెట్టాలి. పై వరుసలు తొలగించేటప్పుడు కొలత మిల్లీమీటర్లలో అని చెప్పే జీ21, దూరాలను సున్నా నుంచి లెక్కించే జీ90, స్పిండిల్ తిప్పే ఎం3, ఎఫ్ వేగం ఉన్న ఆదేశాలను మాత్రం ఉంచాలి, లేకపోతే బిట్టు తిరగకుండానే చెక్కలోకి దిగుతుంది. అతుకు దగ్గర సన్నని గీత మిగిలితే 180 నంబరు ఉప్పుకాగితాన్ని పుల్లకు చుట్టి, చెక్క నార వెంబడి రుద్దితే పోతుంది.