ఇల్లు అమ్ముతున్నారా? ‘లేదు’ అని రాసే ముందు చెయ్యి ఆపండి

లండన్ నాటింగ్ హిల్‌లో 2019లో 3.25 కోట్ల పౌండ్లకు అమ్ముడైన బంగళా ఒకటుంది. ఆ అమ్మకం రద్దు చేసి, డబ్బులో చాలా భాగం కొన్నవాళ్లకి తిరిగిచ్చేయమని 2025 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు అమ్మినాయనకి చెప్పింది. గొడవంతా ఉన్ని బట్టలు కొరికే ఓ చిన్న రెక్కల పురుగు గురించి. గోడల్లోపల కూర్చిన ఉన్నిలో అది కాపురం పెట్టింది. వార్త చూసి నవ్వుకున్నవాళ్లే ఎక్కువ. నేను మాత్రం ఆయన రాసిచ్చిన జవాబుల దగ్గర ఆగిపోయాను. పురుగుల బెడద ఉందా అని కొనేవాళ్లు ముందే అడిగితే లేదన్నట్టు జవాబిచ్చాడు, దాని మీద రిపోర్టులున్నాయా అంటే లేవన్నాడు. అమ్మకానికి ముందే మందు కొట్టేవాళ్లు వచ్చి చూసి రిపోర్టు ఇచ్చి వెళ్లిన ఇల్లది!

ఇల్లు అమ్మేవాళ్లకి కాగితాలు సర్దిపెట్టడంలో చాలాకాలంగా సాయం చేస్తున్నాను. దస్తావేజులు ఒకచోట పెట్టుకోండి, బకాయిలు కట్టేయండి లాంటివి మీకు నేను చెప్పక్కర్లేదు. మనుషుల్ని ముంచేసే తప్పు నేను చూసింది ఒకటే: తెలియని చోట ‘లేదు’ అని రాయడం.

జవాబులు ఎలా రాయాలి

కొనేవాళ్లు ఇంటి గురించి అడిగే ప్రతి ప్రశ్నకీ మీ దగ్గర నాలుగు జవాబులుంటాయి. ఉంది. ఉండేది, బాగు చేయించాం. తెలియదు. లేదు. ఈ చివరిది మీరు స్వయంగా చూసి, లేదా చూపించి, ఖాయం చేసుకున్న వాటికే. పైకప్పు మీద మీరెప్పుడూ ఎక్కకపోతే అక్కడ పగుళ్లు ‘లేవు’ అని మీకెలా తెలుసు?

ఇంగ్లండ్‌లోనే ఇంకో కేసు. జపనీస్ నాట్‌వీడ్ అని ఇంటి పునాదులకే ముప్పేమోనని టెన్షన్ పెట్టే మొండి మొక్క ఒకటుంది, అమ్మకం ఫారంలో దాని గురించి ప్రత్యేకంగా అడుగుతారు. ఉంది, లేదు, తెలియదు అని మూడు గడులు. ఒకాయన ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టాడు. తోటలో షెడ్డు వెనక, పొద మాటున అది పెరిగే ఉంది. 2023లో తీర్పు వచ్చింది, పరిహారం, కోర్టు ఖర్చులు కలిపి ఆయన మీద పడింది 2 లక్షల పౌండ్ల పైమాటే. పక్క గడిలో టిక్కు పెట్టి ఉంటే ఈ కథ వేరేగా ఉండేదేమో.

అలాగని తెలిసినదాన్ని ‘తెలియదు’ కింద దాచడం కుదరదు. అది ఇంకా పెద్ద తప్పు. భారత ఆస్తి బదిలీ చట్టం, 1882 సెక్షన్ 55 తీసి చూడండి: మామూలు జాగ్రత్తతో చూస్తే కొనేవాడికి కనిపించని లోపం ఇంట్లో గానీ హక్కులో గానీ ఉండి, అది మీకు తెలిస్తే, చెప్పి తీరాలి. చెప్పకపోతే దాన్ని మోసంగానే చూస్తుంది చట్టం.

బాగు చేయించిన వాటి గురించి

మా బంధువొకాయన స్లాబ్ లీకు బాగు చేయించాడు, నిజంగానే మంచి పని చేయించాడు, బిల్లు కూడా ఉంది. ఫారంలో మాత్రం “లీకులు ఎప్పుడూ లేవు” అని రాశాడు, ఇప్పుడు లేదు కదా అని. కొన్నవాళ్లు దిగిన వారానికే పక్కింటివాళ్లు పాత కథంతా చెప్పేశారు (పక్కింటివాళ్లు చెప్తారు, ఎప్పుడూ చెప్తారు). ఆ తర్వాత ఎక్కడ చిన్న మరక కనపడినా ఆయనకే ఫోను. “ఉండేది, ఫలానా నెలలో బాగు చేయించాం, బిల్లు ఇదిగో” అని రాసుంటే ఆ బిల్లే ఆయన్ని కాపాడేది.

1991లో న్యూయార్క్ అప్పీలు కోర్టు కొన్నవాళ్లని బేరం వదులుకోనిచ్చిన కేసులో లోపం ఏమిటో తెలుసా, దెయ్యాలు. ఇంట్లో దెయ్యాలున్నాయని పత్రికల్లో ప్రచారం చేసుకున్నావిడ అమ్మేటప్పుడు ఆ ఊసెత్తలేదు. ఊళ్లో అందరికీ చెప్పింది కొనేవాడికి చెప్పకపోతే అలా ఉంటుంది.

ఇక వరసగా చెప్తాను, వినండి.

చెమ్మ మీద రంగు వేయించకండి. వానకి అది బయటపడుతుంది, కొత్త రంగు కింద పాత మరక ఉంటే ‘కావాలనే కప్పారు’ అంటారు, ఆ మాటకి మీ దగ్గర సమాధానం ఉండదు.

బీరువా జరిపి పగులు కప్పకండి.

బ్రోకరు నింపిన ఫారం మీద చదవకుండా సంతకం వద్దు. ఆయన చేతికి ‘లేదు’ అని రాయడం అలవాటు. కోర్టుకెళ్లేది మీరు.

విస్తీర్ణం నోటి లెక్కన చెప్పకండి, ఏ కొలత ప్రకారం చెప్తున్నారో రాయండి.

అనుమతి లేకుండా వేసిన గది, పక్కవాళ్లతో గోడ తగాదా, వచ్చిన నోటీసు, అద్దెకున్నవాళ్లు, తాకట్టు, వాటా అడుగుతున్న తోబుట్టువు. అన్నీ రాయండి.

చెదలకి ఎన్నిసార్లు మందు కొట్టించారో తేదీలతో రాయండి.

ఫోనులో చెప్పింది అదే రోజు రాతలో పంపండి.

ఒప్పందానికీ రిజిస్ట్రేషనుకీ మధ్య కొత్తగా పైపు పగిలిందా? అప్పుడే చెప్పండి, పాత జవాబు సరిదిద్దండి.

తెలియకపోతే ‘తెలియదు’. మళ్లీ చెప్తున్నా, ‘లేదు’ కాదు.

ఇచ్చిన ప్రతి జవాబుకీ ఒక కాపీ, కొన్నవాళ్ల సంతకంతో, మీ దగ్గర ఉండాలి. దాన్ని సామాన్ల లారీలో వేయకండి, చేతిసంచిలో పెట్టుకుని వెళ్లండి.