హైదరాబాద్‌లో బయట తినాలంటే: ఎక్కడ ఎలా ఆర్డర్ చెయ్యాలి, ఎక్కడ ఏం అడక్కూడదు

మా పిన్ని కొడుకు ఈమధ్యే తెనాలి నుంచి ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాడు. వచ్చిన మొదటి వారం మాదాపూర్‌లో ఒక టిఫిన్ సెంటర్‌కెళ్ళి టేబుల్ దగ్గర నిలబడి పావుగంట వెయిటర్ కోసం చూశాడంట, అక్కడ అసలు వెయిటర్లే ఉండరు, కౌంటర్లో డబ్బు కట్టి టోకెన్ తీసుకుని మన ప్లేటు మనమే తెచ్చుకోవాలి. వాడికి ఫోన్లో చెప్పిన సంగతులే ఇంకాస్త పెంచి ఇక్కడ రాస్తున్నా, కొత్తగా సిటీకి వచ్చినోళ్ళకి పనికొస్తాయని.

ముందు టిఫిన్ సంగతే చూద్దాం. టోకెన్ తీసుకున్నాక ఇడ్లీ వడ ఒక కిటికీలో ఇస్తారు, దోసె ఇంకో కిటికీలో, కాఫీ టీలు ఇంకోచోట. టోకెన్ చూపించి అక్కడే నిలబడాలి, పక్కకెళ్ళి ఫోన్ చూసుకుంటే మన దోసె వేరేవాళ్ళ చేతికి పోతుంది. పెనం ముందు ఉన్నాయన్ని "అన్నా, కొంచెం ఎర్రగా కాల్చు" అని అడిగితే ఎవరూ కాదనరు, అదే టోకెన్ ఇచ్చే కౌంటర్లో చెప్తే మాత్రం లోపలిదాకా చేరదు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిదాకా ఆఫీసోళ్ళ రష్, అప్పుడు ఇడ్లీయే సేఫ్. తెల్లవారుజామున ఆకలేస్తే మొజంజాహీ మార్కెట్ దగ్గర రామ్ కీ బండి ఉంది, సిటీ అంతా నిద్రపోతున్నప్పుడు అక్కడ బటర్, చీజ్ వేసిన దోసెల కోసం జనం నిలబడి ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకెళ్తే మాత్రం ఈ నిలబడే చోట్లు వద్దు, ఆబిడ్స్ తాజ్‌మహల్ లాంటి పాత కూర్చునే హోటల్‌కి తీసుకెళ్ళండి, 1948 నుంచి ఉంది అది, ఫ్యాను కింద కూర్చుని నిమ్మళంగా కాఫీ తాగొచ్చు.

ఇరానీ హోటల్ లెక్క పూర్తిగా వేరు. ఇక్కడ వెయిటర్ని "భాయ్" అనాలి, "ఎక్స్‌క్యూజ్‌మీ" అంటే అతను మిమ్మల్ని కాదనుకుంటాడు. లోపలికెళ్ళి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోండి, ఎదురుగా తెలీనివాళ్ళున్నా పర్లేదు, టేబుల్ అందరిదీ. పాత హోటళ్ళలో కూర్చోగానే అడక్కుండానే ఒక ప్లేటు తెచ్చి పెడతాడు, అందులో ఉస్మానియా బిస్కెట్లు, ఉల్లిపాయ సమోసాలు ఉంటాయి. కొత్తోళ్ళు రెండు రకాలుగా తప్పు చేస్తారు, కొందరేమో అడగలేదు కదా ఫ్రీ అనుకుని అన్నీ తినేస్తారు, కొందరేమో మొత్తానికి బిల్లు వేస్తారని భయపడి ముట్టుకోరు. తిన్నన్నిటికే డబ్బులు, లేచేటప్పుడు ప్లేట్లో మిగిలినవి చూసి లెక్క కట్టి అక్కణ్ణించే కౌంటర్‌కి అరిచి చెప్తాడు, మీరు కౌంటర్ దగ్గరికెళ్ళేసరికి బిల్లు రెడీగా ఉంటుంది, కాగితం గీగితం ఏమీ ఉండదు. చాయ్‌లో డికాషన్ ఒక గిన్నెలో, మరిగి చిక్కబడ్డ పాలు ఇంకో గిన్నెలో ఉంటాయి, కప్పులోనే కలుపుతారు. చాలాచోట్ల తీపి ముందే పడిపోయుంటుంది కాబట్టి షుగర్ తక్కువ వెయ్యమంటే కుదరదు, డయాబెటిస్ ఉన్నోళ్ళు కూర్చోకముందే అడిగేసుకోవడం మంచిది. బిస్కెట్ని చాయ్‌లో ముంచి రెండు సెకన్లలో తియ్యాలి, మూడో సెకను దాటితే అది కప్పు అడుగున దొరుకుతుంది :)

ఇక మెస్సులు. మనవాళ్ళు ఎక్కువ మోసపోయేది ఇక్కడే, మోసం అనకూడదేమో, అడక్కపోవడం మన తప్పే. ప్లేట్ మీల్స్ అంటే పెట్టినంతే, ఫుల్ మీల్స్ అంటే అన్నం, పప్పు, వేపుడు, పులుసు, సాంబారు ఎన్నిసార్లైనా వడ్డిస్తారు. కానీ ఒకతను స్టీలు ట్రేలో వంజరం ముక్కలు, రొయ్యల వేపుడు, చికెన్ ఫ్రై పెట్టుకుని టేబుళ్ళ మధ్య తిరుగుతుంటాడు చూడండి, అది మీల్స్‌లో భాగం కాదు. నేను అమీర్‌పేట హాస్టల్లో ఉన్న రోజుల్లో మొదటిసారి ఒక మెస్సుకెళ్ళినప్పుడు ఆ ట్రే నా ముందు ఆగింది, "ఏం ముక్క వెయ్యమంటావ్ బాబాయ్" అన్నాడు ఎంతో ప్రేమగా, నేను కూడా ప్రేమగా రెండు ముక్కలు వేయించుకున్నా, బిల్లు వచ్చాక చూస్తే భోజనం కంటే చేపలకే ఎక్కువైంది. జేబులో ఉన్నది చాలక రూమ్మేట్‌కి ఫోన్ చేసి పిలిపించుకున్నా. అప్పట్నించి ట్రే ఆగగానే "ఇది ఎంత అన్నా" అని అడుగుతా, సిగ్గేం లేదు.

మెస్సులో తినడానికి కూడా వరస ఉంది. మొదటి అన్నంలో కందిపొడి నెయ్యి లేదా గోంగూర, తర్వాత పప్పు, తర్వాత పులుసో సాంబారో, రసం, చివర పెరుగు. అందరూ చేసే పొరపాటు పప్పు దగ్గరే కడుపు నింపేసుకోవడం, గడ్డపెరుగు దాకా వచ్చేసరికి చోటుండదు. పన్నెండున్నరకల్లా వెళ్తే అన్నీ వేడిగా ఉంటాయి, రెండు దాటితే వేపుడు అయిపోయి దాని బదులు ఇంకేదో వేస్తారు. ఒంటిగంటన్నరకి వెళ్తే మాత్రం మీరు తింటున్నప్పుడే కుర్చీ వెనకాల ఇంకొకడు నిలబడి మీరెప్పుడు పెరుగులోకి వస్తారా అని మీ ఆకులోకే చూస్తుంటాడు, దానికి మొహమాటపడితే పని జరగదు. మరీ ఎక్కువ రకాలు కావాలంటే కాకినాడ సుబ్బయ్యగారి హోటల్ పేరుతో ఇక్కడా బ్రాంచిలున్నాయి, వెజ్జే, ఆకు నిండిపోయేలా వడ్డిస్తారు, అయితే పొద్దున టిఫిన్ మానేసి వెళ్ళాలి.

బిర్యానీ గురించి గొడవలు పెట్టుకునే ఉద్దేశం నాకు లేదు, ప్యారడైజా బావర్చీయా షాదాబా అని మీరూ మీరూ తేల్చుకోండి. నేను చెప్పేది ఒకటే, ఇక్కడి అసలు పద్ధతి కచ్చీ దమ్, అంటే పచ్చిమాంసాన్ని మసాలా పెరుగులో నానబెట్టి పైన సగం ఉడికిన బియ్యం వేసి మూత చుట్టూ పిండితో మూసి ఉడికిస్తారు. కాబట్టి అక్కడికెళ్ళి "బోన్‌లెస్ ఉందా" అని అడిగితే ఇస్తారు కానీ అది చాలాచోట్ల దమ్‌లో ఉడికింది కాదు, అదే రైస్ మీద చికెన్ సిక్స్‌టీఫైవ్ లాంటిది వేసి ఇచ్చేది. మటన్ తినాలంటే మధ్యాహ్నమే వెళ్ళండి, కొత్త హండీ (బిర్యానీ వండే పెద్ద గిన్నె) తెరిచే టైం అది. పైన తెల్ల అన్నమే వచ్చిందనుకోండి "భాయ్, మసాలా థోడా జ్యాదా" అనండి, పక్కనుంచి గరిటె అడుగుదాకా దింపి తెస్తాడు. సింగిల్ అన్నా సరే కొన్నిచోట్ల ఇద్దరికి సరిపోయేంత పెడతారు, కాబట్టి ముందు ఒకటే చెప్పి చూసుకోండి. రంజాన్ నెలైతే బిర్యానీ సంగతి మర్చిపోయి సాయంత్రం హలీం (మాంసం, గోధుమలు కలిపి మెత్తగా ఉడికించేది) తినండి, 2010లో హైదరాబాదీ హలీంకి, ఇది ఈ ఊరి సొంతమని గుర్తించే జీఐ ట్యాగ్ కూడా వచ్చింది, పైన వేయించిన ఉల్లిపాయ, నిమ్మకాయ పిండుకుని వేడిమీదే తినాలి, చల్లారితే గమ్ములాగా అయిపోతుంది.

మండీ, అంటే మాంసంతో వడ్డించే అరబ్బుల అన్నం, తినాలంటే బార్కస్ వైపు వెళ్ళండి, నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల కుటుంబాలు స్థిరపడ్డ చోటు అది, బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. కింద పరుపుల మీద కూర్చుని మధ్యలో పెద్ద పళ్ళెం పెట్టుకుని అందరూ అందులోనే తినాలి, కాబట్టి బిగుతు జీన్స్ వేసుకెళ్ళకండి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళుంటే టేబుళ్ళున్నాయా అని ముందే కనుక్కోండి. ఆఫీస్ బాస్‌తో ఒకే పళ్ళెంలో తినగలరా లేదా అన్నది కూడా ఆలోచించుకోండి.

బార్బెక్యూ బఫేల దగ్గర చిట్కా చిన్నదే. టేబుల్ మీద చిన్న జెండా ఉంటుంది, అది నిలబడి ఉన్నంతసేపు కబాబులు వస్తూనే ఉంటాయి, చాలనుకుంటే దించాలి. కొత్తోళ్ళు జెండా సంగతి తెలీక మొక్కజొన్న, బంగాళదుంపలతోనే కడుపు నింపేసుకుంటారు. వీకెండ్ డిన్నర్ కంటే వీక్‌డే లంచ్ రేటు తక్కువ, బర్త్‌డే పార్టీలకి అదే చూసుకోండి.

పెద్ద రెస్టారెంట్లకి వెళ్తే ముందే టేబుల్ బుక్ చేసుకోండి, యాప్‌లో బుక్ చేస్తే డిస్కౌంట్ కూడా వస్తుంది కానీ బిల్లు కూడా ఆ యాప్‌లోనే కట్టాలని షరతు ఉంటుంది, అది చూసుకోకుండా కార్డు గీకేస్తే డిస్కౌంట్ పోతుంది. కూర్చోగానే "మినరలా, రెగ్యులరా" అంటారు, రెగ్యులర్ అనండి, లేకపోతే నీళ్ళకే వంద దాటుద్ది. ఇక బిల్లు. మామూలు రెస్టారెంట్లో జీఎస్టీ 5 శాతం, రోజుకి రూము అద్దె 7500 దాటే పెద్ద స్టార్ హోటల్ లోపలున్న రెస్టారెంట్ అయితే 18 శాతం, మందు మీద జీఎస్టీ ఉండదు. వీటి పక్కన సర్వీస్ చార్జ్ అని ఇంకో లైను కనిపిస్తే అది టాక్స్ కాదు. దాన్ని బిల్లులో వాళ్ళంతట వాళ్ళే వెయ్యకూడదని సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ 2022 జూలైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే సరైందంది. జూబ్లీహిల్స్‌లో ఒకచోట నాకు 10 శాతం వేశారు, తీసెయ్యమంటే వెయిటర్ మేనేజర్ని పిలిచాడు, మేనేజర్ "సార్ ఇది స్టాఫ్‌కే వెళ్తుంది" అన్నాడు, నేను స్టాఫ్‌కి చేతికే ఇస్తానన్నా. పది నిమిషాలు పట్టింది కానీ కొత్త బిల్లు వచ్చింది. వినకపోతే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ నంబర్ 1915, అక్కడిదాకా పోవాల్సిన అవసరం నాకైతే రాలేదు.

అన్నట్టు టిప్పు బిల్లు ఫోల్డర్లో పెట్టొద్దు, వడ్డించిన మనిషి చేతికే ఇవ్వండి, ఇప్పుడన్నీ ఫోన్ పేమెంట్లే కాబట్టి పది ఇరవై నోట్లు కొన్ని పర్సులో ఉంచుకోండి, ఇరానీ హోటల్ కౌంటర్లో కూడా అవే పనికొస్తాయి.